తీగల సంగతులు: టీ-1 నుంచి ఇంటి ఫైబరు దాకా

పోయిన సంచికలో పాత టెలిఫోను ఎక్స్ఛేంజీల గురించి రాశాక వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటర్నెట్ వేగాల మీదే. కొన్నింటిని ఎంచి జవాబులిస్తున్నాను. రాసినవారి పేర్లు ఇవ్వడం లేదు, ఊరు చాలు. ఉద్యోగంలో నా కాలమంతా లీజు లైన్ల (ఒక్క కస్టమరుకే విడిగా అద్దెకిచ్చే లైన్ల) దగ్గరే గడిచింది కాబట్టి జవాబులు కూడా అటే మొగ్గుతాయి. అది ముందే చెప్పేస్తున్నాను.

మా కాలేజీ లైబ్రరీలో 1990ల నాటి అమెరికన్ కంప్యూటర్ పత్రికలు తిరగేశాను. ఎక్కడ చూసినా ‘టీ-1 లైను’ గురించి గొప్పలే. తీరా చూస్తే దాని వేగం సెకనుకు 1.544 మెగాబిట్లు. నా ఫోను అంతకు ఎన్నో రెట్లు లాగుతుంది. అందులో అంత గొప్ప ఏముంది? పైగా 1.5 అనో 2 అనో కాకుండా ఈ 1.544 ఎక్కడిది?
– ఇంజనీరింగు విద్యార్థిని, కాకినాడ

రెండో ప్రశ్న మంచిది, దాంతోనే మొదలుపెడతాను. టీ-1ను కంప్యూటర్ల కోసం తయారు చేయలేదమ్మా. అమెరికాలో బెల్ టెలిఫోను వ్యవస్థ 1962లో దాన్ని వాడకంలోకి తెచ్చింది. అప్పటికి పెద్ద నగరాల వీధుల కింద గొట్టాలన్నీ కేబుళ్లతో కిక్కిరిసి ఉన్నాయి. ఒక ఎక్స్ఛేంజి నుంచి ఇంకో ఎక్స్ఛేంజికి ఒక్కో సంభాషణకు ఒక్కో జత తీగ ఇచ్చుకుంటూ పోతే రోడ్లు మళ్లీ తవ్వాలి. తవ్వకుండా, ఉన్న తీగల్లో రెండు జతల మీదే 24 సంభాషణలు ఎలా పంపాలన్నది వాళ్ల తలనొప్పి.

మనిషి గొంతులో ఫోనుకు పనికొచ్చే భాగం ఇంచుమించు 3400 హెర్ట్జ్ దగ్గర ఆగిపోతుంది. దాన్ని సెకనుకు 8000 సార్లు కొలిచి, ప్రతి కొలతనూ 8 బిట్లలో రాస్తే 64,000 బిట్లు. మీరు పత్రికల్లో పదే పదే చూసి ఉండే ‘64 కిలోబిట్లు’ అక్కడే పుట్టింది. అది ఒక మనిషి మాట్లాడటానికి పట్టే చోటు. 24 మంది కొలతలను ఒకదాని వెనక ఒకటి పేరిస్తే 192 బిట్లు. ఈ వరస ఎక్కడ మొదలైందో అవతలి యంత్రానికి తెలియాలి కదా, దానికి ఇంకొక్క బిట్టు. మొత్తం 193. సెకనుకు 8000 వరసలు. గుణించి చూడండి, 15,44,000 వస్తుంది.

సంకేతం నీరసించకుండా దారిలో 6000 అడుగులకొక రిపీటరు పెట్టారు. ఆ దూరమే ఎందుకో తెలుసా? అంతకుముందు మాట స్పష్టంగా వినబడటానికి లోడింగ్ కాయిళ్లు బిగించిన మ్యాన్‌హోళ్లు ఆ దూరంలోనే ఉన్నాయి. కాయిలు పీకేసి అదే గోతిలో రిపీటరు కూర్చోబెట్టారు. ఇంజనీరింగులో చాలా నిర్ణయాలు ఇలా పాత గోతులను బట్టే జరుగుతాయి. మీ పాఠ్యపుస్తకం మాత్రం అన్నీ సిద్ధాంతం నుంచి ఊడిపడినట్టు చెబుతుంది.

యూరప్ వాళ్లు తమ పద్ధతిలో ఒక్కోటి 64 కిలోబిట్ల గడులు 32 కట్టారు. 32ను 64తో గుణిస్తే 2.048 మెగాబిట్లు, అది ఈ-1. సున్నా గడి వరస కలుపుకోవడానికి, 16వ గడి ఫోను మోగించడం, పెట్టేయడం లాంటి కబుర్లకు, మిగిలిన 30 మాటలకు. మన దేశం ఈ-1 దారిలోనే నడిచింది. అందుకే ఇక్కడ మా తరం వాళ్లెవరూ టీ-1 అనరు, ‘టూ ఎంబీ’ అంటారు.

ఇక గొప్ప సంగతి. 1969లో ఇంటర్నెట్‌కు తాతలాంటి ఆర్పానెట్ మొదలైనప్పుడు కంప్యూటర్ కేంద్రాలను కలిపింది 50 కిలోబిట్ల లీజు లైన్లు. 1986లో అమెరికా జాతీయ సైన్సు ఫౌండేషన్ వారి ఎన్‌ఎస్‌ఎఫ్‌నెట్ 56 కిలోబిట్లతో నడక మొదలుపెట్టి, తట్టుకోలేక 1988లో టీ-1కు మారింది. అంటే ఆ యేడు అమెరికా విశ్వవిద్యాలయాలను కలిపిన వెన్నెముకలో ఏ లింకు పట్టుకున్నా 1.5 మెగాబిట్లే. అదే వేగాన్ని పదేళ్లు తిరక్కుండా ఒక మామూలు కంపెనీ తన ఆఫీసులోకి తెప్పించుకోగలిగిందంటే ప్రకటనలో వేసుకోదా మరి!

మన దేశంలో మొట్టమొదటి ఇంటర్నెట్ వేగం ఎంత? మా బడిలో క్విజ్ పెడుతున్నాం. ఒక్క అంకెలో చెప్పగలరు.
– ఉపాధ్యాయుడు, అనంతపురం

ఒక్క అంకె అడిగితే ఇబ్బంది మాస్టారూ. అనుకోకుండా రెండు దారుల్లోనూ వచ్చే అంకె ఒకటే అయింది కాబట్టి బతికిపోయాను: 9.6 కిలోబిట్లు.

మొదటి దారి చదువుల వాళ్లది. 1986లో ఎర్‌నెట్ అని ఒక ప్రాజెక్టు మొదలైంది. ఐఐటీలు, బెంగళూరు ఐఐఎస్‌సీ, ముంబయిలోని జాతీయ సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ కేంద్రం అందులో ఉన్నాయి. ముంబయి కేంద్రం నుంచి అమెరికాకు 1989లో వేసుకున్న లీజు లైను 9.6 కిలోబిట్లది. దేశంలోని పరిశోధకుల ఈ-మెయిళ్లు ఆ సన్నటి సందులోంచే సముద్రాలు దాటేవి. రెండో దారి జనానిది. 1995 ఆగస్టు 15న అప్పటి ప్రభుత్వ సంస్థ విదేశ్ సంచార్ నిగమ్ అందరికీ ఇంటర్నెట్ తెరిచింది. అప్పటి డయల్-అప్ (మామూలు ఫోను లైను మీద నంబరు తిప్పి కలుపుకునే) ఖాతాలు కూడా 9.6 దగ్గరే మొదలయ్యాయి. విద్యార్థులకు 500 రూపాయల ఖాతా ఉండేది. బొమ్మలుండవు, నల్లటి తెర మీద అక్షరాలే. క్విజ్‌లో సంవత్సరం అడిగితే మాత్రం ‘జనానికి ఎప్పుడు’ అని స్పష్టంగా అడగండి. లేకపోతే తెలివైన పిల్లవాడెవడో 1989 అని రాసి మార్కులు పోగొట్టుకుంటాడు.

1997లో నేను హైదరాబాదులో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరాను. ఆఫీసులో నలభై మందికి కలిపి ఒకటే 64 కిలోబిట్ల ఉపగ్రహ లింకు. తర్వాత యాజమాన్యం బోలెడు డబ్బు పోసి 2 మెగాబిట్లకు మార్చింది. కానీ అమెరికా కస్టమరుకు ఫైలు పంపితే రెండింతల వేగం కూడా సరిగా రాలేదు. 32 రెట్లు కొని రెండు రెట్లు పొందడం ఏమిటని మేనేజరు మా మీద ఎగిరేవాడు. ఇన్నేళ్లయినా ఆ చిక్కు నాకు విడలేదు.
– న్యూజెర్సీ నుంచి ఒక పాఠకుడు

మీ ఉత్తరం చదివి సంతోషించాను. ఈ చిక్కు మీద అప్పట్లో చాలా ఆఫీసుల్లో పోట్లాటలు జరిగాయి. మీకు చీవాట్లు పెట్టిన మేనేజరు ఇది చదివితే బాగుండును.

ముందు నాటి దృశ్యం మిగతా పాఠకుల కోసం. 1991లో కేంద్ర ప్రభుత్వం సాఫ్ట్‌వేర్ టెక్నాలజీ పార్కుల సంస్థను ఏర్పాటు చేసింది. హైదరాబాదులో దాని కార్యాలయం అమీర్‌పేట మైత్రీవనంలో ఉండేది. కంపెనీ డాబా మీద ఇనప స్తంభం, దానికో చిన్న యాంటెనా. అక్కడి నుంచి మైక్రోవేవ్ రేడియో ద్వారా పార్కు వారి కేంద్రానికి, కేంద్రం నుంచి భూకేంద్రం ద్వారా ఉపగ్రహానికి. రోడ్డు తవ్వి రాగి తీగ వేసే బాధ లేకపోవడమే ఆ ఏర్పాటులోని తెలివి. మధ్యలో ఎవరైనా అపార్ట్‌మెంటు లేపితే మాత్రం స్తంభం ఎత్తు పెంచుకోవలసి వచ్చేది.

64 కిలోబిట్లంటే సెకనుకు 8000 బైట్లు. నలభై మంది ఒకేసారి లాగితే తలకు 200 ఇంగ్లిషు అక్షరాలు. ఇది చాలదని మీ యాజమాన్యం అనుకోవడంలో తప్పులేదు. వాళ్లు లెక్కలోకి తీసుకోనిది దూరాన్ని. ఆ ఉపగ్రహాలు భూమికి ఇంచుమించు 36,000 కిలోమీటర్ల ఎత్తున ఉంటాయి. సంకేతం పైకెక్కి కిందికి దిగేసరికి పావు సెకను. అవతలి కంప్యూటరు ‘అందింది’ అని చెప్పే జవాబు తిరిగి రావడానికి ఇంకో పావు. మధ్యలోని పరికరాల ఆలస్యంతో కలిపి 0.55 సెకను అనుకోండి.

ఇంటర్నెట్‌లో ఫైలు పంపే పద్ధతిలో, అవతలి నుంచి రశీదు రాకుండా ఎంతవరకు పంపవచ్చో ఒక హద్దు ఉంటుంది. విండోస్ 95 కాలపు కంప్యూటర్లలో ఆ హద్దు సాధారణంగా 8 కిలోబైట్ల దగ్గర ఉండేది. 8 కిలోబైట్లు పంపడం, రశీదు కోసం చేతులు కట్టుకుని కూర్చోవడం, మళ్లీ 8 పంపడం. ప్రతి 0.55 సెకనుకు 8 కిలోబైట్లంటే సెకనుకు 15 కిలోబైట్లు, అంటే 120 కిలోబిట్లు. ఆ పైన మీరు 2 మెగాబిట్లు కొన్నా 20 కొన్నా ఒక ఫైలుకు దక్కేది ఆ 120 మాత్రమే. 64తో పోలిస్తే రెండింతలకు కాస్త తక్కువ. మీ ఉత్తరంలోని అంకె సరిగ్గా సరిపోయింది చూశారా!

మందు కూడా అప్పటికే ఉంది. హద్దును పెంచుకునే పద్ధతిని 1992లోనే ప్రమాణంగా రాసిపెట్టారు. కాకపోతే రెండు చివర్ల కంప్యూటర్లూ దాన్ని అర్థం చేసుకోవాలి, సెట్టింగులు మార్చాలి. అది చేతకాకపోతే ఫైలును ముక్కలు చేసి పది ముక్కలూ ఒకేసారి పంపినా పని జరిగేది. ప్రతి ముక్కకూ విడిగా 120 దక్కుతుంది. నలభై మందీ ఒకేసారి వాడుకుంటే లింకు నిండిపోయేది, డబ్బు వృథా కాలేదు. ఒక్క ఫైలుతో పరీక్ష పెట్టి లింకును తిట్టారు, అంతే. 1997లో ఫ్లాగ్ అనే సముద్రగర్భ కేబుల్ ముంబయి తీరానికి చేరింది. ఆ దారిన వెళ్లిన లింకుల్లో రాకపోకల ఆలస్యం దాదాపు సగానికి తగ్గింది. సెట్టింగు ఏదీ ముట్టుకోకుండానే ‘లైను బాగుపడింది’ అని మాకు మెచ్చుకోలు దక్కేది.

2000 ప్రాంతంలో నాకు నెట్ సెంటరు ఉండేది. 56కె మోడెం, అంటే ఫోను లైను మీద సెకనుకు 56 కిలోబిట్ల దాకా లాగుతుందన్న పెట్టె, కొన్నాను. ఒక్కరోజూ 56 రాలేదు. 44, 46, వానాకాలంలో 31. పక్క షాపువాడి కంప్యూటరులో మాత్రం 115200 అని చూపించేది. వాడికి ఎక్స్ఛేంజిలో ఎవరో తెలిసినవాళ్లున్నారని నా అనుమానం.
– విజయవాడ

పక్క షాపాయన మీద ఇన్నేళ్లు పెట్టుకున్న అనుమానం ఇక వదిలేయండి. 115200 అన్నది మోడెంకూ కంప్యూటరుకూ మధ్య ఉన్న మూరెడు కేబులు వేగం. కొన్ని మోడెంలు లైను వేగానికి బదులు దాన్ని చూపించేవి. ఆయన లైను కూడా మీ లైను లాంటిదే అయి ఉంటుంది.

56 రాకపోవడానికి కారణం ఉంది. 1998లో ప్రమాణంగా వచ్చిన వి.90 పద్ధతి ఒక షరతు మీద పనిచేస్తుంది. ఇంటర్నెట్ సంస్థ నుంచి మీ ఎక్స్ఛేంజి దాకా అంతా డిజిటల్‌గా ఉండాలి, ఎక్స్ఛేంజి నుంచి మీ షాపుకు వచ్చే రాగి జత మీద మాత్రమే పాత అనలాగ్ పద్ధతి (గొంతును అలలుగానే పంపేది) ఉండాలి. దారిలో ఇంకొక్కచోట డిజిటల్ నుంచి పాతదానికి, మళ్లీ డిజిటల్‌కు మారిందంటే 33.6 దాటదు. మీరు పంపే వైపు ఎప్పుడూ 33.6 మించేదే కాదు. అమెరికాలో అయితే లైను మీద ఎంత శక్తి పంపవచ్చన్న నిబంధన వల్ల 53 దగ్గరే కట్టేశారు. కాబట్టి డబ్బా మీద 56 అని అచ్చేసినవాళ్లకు కూడా ఆ 56 కనబడలేదు.

వానాకాలంలో 31 అంటే నీళ్లు. వీధిలో తీగలు కలిసే పిల్లరు బాక్సులోనో, కేబులు జాయింటులోనో తేమ చేరింది. మాటలకు కాస్త గరగర వస్తే మనిషి సర్దుకుంటాడు, మోడెం సర్దుకోదు. వేగం తగ్గించుకుంటుంది. మా రోజుల్లో లోపల జెల్లీ నింపిన కేబుళ్లు వచ్చాక ఈ బాధ చాలా తగ్గింది. 44 వచ్చిందంటే మీ లైను బాగున్నట్టే లెక్క.

ఐఎస్‌డీఎన్ అంటే ఏమిటి? మా నాన్నగారి పాత బిల్లుల్లో కనబడింది.
– వరంగల్లు

ఇంటిదాకా డిజిటల్‌గా వచ్చే ఫోను లైను. అదే రాగి జత మీద 64 కిలోబిట్ల మార్గాలు రెండు, సంకేతాలకు 16 కిలోబిట్లది ఒకటి. రెండూ కలిపితే 128తో ఇంటర్నెట్, ఒకటి వదిలేస్తే 64తో ఇంటర్నెట్ నడుస్తుండగానే ఫోను. మోడెంలాగా కీచుమని అరవదు, రెండు మూడు సెకన్లలో కలుస్తుంది. మంచి సరుకే. ఇంటింటికీ చేరేలోపు బ్రాడ్‌బ్యాండ్ వచ్చి దాన్ని తోసేసింది. మీ నాన్నగారు ముందుచూపున్న మనిషి.

మాది చిన్న ఆస్పత్రి. రాత్రిపూట సీటీ స్కాన్లు హైదరాబాదులోని రేడియాలజిస్టుకు పంపి రిపోర్టు తెప్పించుకుంటాం. 100 మెగాబిట్ల ఫైబరు కనెక్షను నెలకు వెయ్యి లోపే ఇస్తామంటున్నారు. అదే సంస్థ ప్రతినిధి 10 మెగాబిట్ల లీజు లైను తీసుకొమ్మని, దానికి ఎన్నో రెట్లు అడుగుతున్నాడు. పదో వంతు వేగానికి అంత ధర ఏమిటి? ఇది మోసం కాదా?
– డాక్టరు, నంద్యాల

మోసం కాదు డాక్టరు గారూ. అయితే మీకు అవసరమా అన్నది వేరే ప్రశ్న. ఆ ప్రతినిధి దాన్ని మీతో చర్చించి ఉండడు.

పెళ్లికి బస్సు మాట్లాడుకుంటాం చూడండి, పదిమందే ఎక్కినా బస్సంతటికీ కడతాం. తెల్లారేదాకా కల్యాణమండపం ముందు ఖాళీగా నిలబడినా కడతాం. లీజు లైను అలాంటిది. 10 మెగాబిట్లంటే రెండు వైపులా 10, ఏ వేళకైనా 10, మీరు వాడకపోయినా ఇంకొకరికి ఇవ్వరు. ఇంటి ఫైబరు సంగతి చూద్దాం. మన దగ్గర ఎక్కువగా వాడే జీపాన్ పద్ధతిలో ఎక్స్ఛేంజి నుంచి బయలుదేరిన ఒక ఫైబరు పోగు 2.488 గిగాబిట్లు తెస్తుంది. దాన్ని దారిలో చీల్చి 32 ఇళ్లకో, 64 ఇళ్లకో పంచుతారు. 32 ఇళ్లకు తలా 100 అంటేనే 3.2 గిగాబిట్లు. ఉన్నదాని కంటే ఎక్కువ అమ్మినట్టే కదా! అందరూ ఒకేసారి లాగరన్న ధైర్యం మీద అమ్ముతారు. ఆ ధైర్యం చాలావరకు నిజమే అవుతుంది. ఎంతమందికి పంచవచ్చో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2009లో చెప్పింది, ఇళ్ల కనెక్షన్లకు 1కి 50, వ్యాపారాలకు 1కి 30.

ధరలో రెండో భాగం మనుషులది. రాగి రోజుల నుంచి ఒక సంగతి చెబుతాను. లీజు లైను జతలో డయల్ టోను ఉండదు. కొత్త ఫోను ఇవ్వాల్సిన లైన్‌మన్ పిల్లరు బాక్సు దగ్గర నిలబడి, ఖాళీ జత కోసం ఒక్కోదానికీ ఫోను తగిలించి వింటాడు. టోను లేని జత దొరికితే ఖాళీ అనుకుని కోసి కొత్త ఇంటికి కలిపేస్తాడు. అవతల ఏదో బ్యాంకు శాఖ లావాదేవీలు ఠక్కున ఆగిపోతాయి. ఈ పని జరగని ఎక్స్ఛేంజి నాకు తెలిసి లేదు. అందుకే ఎక్స్ఛేంజి లోపల తీగలన్నీ కలిసే ఫ్రేము మీద లీజు జతలకు ఎర్ర టోపీలు తొడిగేవాళ్లం. ఫిర్యాదు వస్తే అర్ధరాత్రయినా ‘లూప్ ఇవ్వండి’ అని ఆ చివర మనిషిని లేపి, పంపిన బిట్లు పంపినట్టే తిరిగొస్తున్నాయా అని మీటరు పెట్టి చూసేవాళ్లం. ఏ ముక్కలో తప్పు ఉందో అలా ఒక్కో అంచె తేల్చుకుంటూ వెళ్లాలి. ఇవాళ రాగి లేదు, ఎర్ర టోపీలూ లేవు, ఆ కాపలా ఖర్చు మాత్రం ధరలో ఉంది. లేదా ఉండాలి.

ఇప్పుడు మీ అవసరం. ఒక సీటీ స్కాను 500 మెగాబైట్లు అనుకుందాం, అంటే 4000 మెగాబిట్లు. 10 మెగాబిట్ల లీజు లైను మీద దాదాపు ఏడు నిమిషాలు. మామూలు ఫైబరు మీద పంపే వైపు 50 వచ్చినా నిమిషంన్నర లోపు. కాబట్టి వేగం కోసమైతే లీజు లైను వద్దు. మీ భయం రాత్రి రెండింటికి లైను చచ్చిపోతే ఎలా అన్నది. దానికి నా సలహా, రెండు వేర్వేరు సంస్థల మామూలు కనెక్షన్లు తీసుకుని, ఒకటి పోతే రెండోదానికి తనంతట తాను మారే రౌటరు పెట్టుకోండి. సంతకం చేసేముందు ఒక సాయంత్రం వీధిలోకి వెళ్లి ఆ రెండు ఫైబర్లూ ఎటునుంచి వస్తున్నాయో చూడండి. రెండూ ఒకే స్తంభం మీద వస్తే ఒక్క ఇసుక లారీ చాలు. పంపే వైపు వేగం ఎంతో కాగితం మీద రాయించుకోండి. చాలా ప్రకటనల్లో పెద్ద అక్షరాల్లో ఉండేది వచ్చే వైపు వేగం.

రేపు మీరు పెద్ద ఆస్పత్రి కట్టి, ఇతర ఊళ్ల శాఖల కంప్యూటర్లన్నీ మీ దగ్గరి సర్వరు మీద నడిపే పరిస్థితి వస్తే అప్పుడు లీజు లైను మాట్లాడుకుందాం. అప్పుడు కూడా ధర గురించి తర్వాత, ముందు ‘చెడితే ఎన్ని గంటల్లో బాగుచేస్తారు, చేయకపోతే నాకు ఎంత తిరిగి ఇస్తారు’ అని అడగండి. రాతపూర్వకంగా జవాబివ్వని సంస్థ అమ్ముతున్నది లీజు లైను పేరు పెట్టిన మామూలు కనెక్షనే.

మా సంస్థలోని పాత ఫోను వ్యవస్థకు 30 ఛానళ్ల పీఆర్ఐ లైను ఉంది. మీరు పైన చెప్పిన ఈ-1 ఇదేనా? ఇంకా ఉంచుకోవాలా?
– కరీంనగర్

అదే. 2.048 మెగాబిట్ల ఈ-1, 30 గడుల్లో 30 మాటలు, 16వ గడిలో సంకేతాలు. ఇప్పుడు దాన్ని ఫైబరు మీద తెచ్చి మీ గదిలోని చిన్న పెట్టెలో మళ్లీ ఈ-1గా మార్చి ఇస్తారు. అంతా సవ్యంగా ఉంటే తొందరపడి తీసేయకండి. మీ ఫోను పెట్టెలో ఆ కార్డు కాలిపోయిన రోజున కొత్తది వెతకడం మానేసి, ఇంటర్నెట్ మీద నడిచే సిప్ ట్రంకుకు మారండి. ఉన్న నంబర్లు పోకుండా మార్చుకునే వీలుందేమో ముందే మీ సంస్థను అడిగి ఉంచండి.